వర్చువల్ డెస్క్‌టాప్‌లో షేర్డ్ ఫోల్డర్: ఒకరికి జెడ్ డ్రైవ్ వస్తుంది, ఇంకొకరికి రాదు, హిందూపురం వాళ్లకు ఎక్సెల్ తెరుచుకోవడమే గగనం

క్లాక్‌టవర్_సిస్టమ్స్

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో సిస్టమ్స్ పని చూస్తున్నాను. సిస్టమ్స్ అంటే ప్రింటర్లో ఇరుక్కున్న పేపర్ లాగడం నుంచి సర్వర్ దాకా అన్నీ నేనే. పాతికమంది దాకా స్టాఫ్ ఉంటారు, హిందూపురంలో చిన్న బ్రాంచ్ కూడా ఉంది. పోయిన ఏడాది మా సార్ ఒక వెండర్‌ను పిలిపించి విండోస్ సర్వర్ 2019 పెట్టించి అందరినీ రిమోట్ డెస్క్‌టాప్‌లోకి మార్చేశారు, వర్చువల్ డెస్క్‌టాప్ అంటున్నది దీన్నే. డొమైన్ (అందరి లాగిన్లూ ఒకే చోట నడిపే ఏర్పాటు) ఉంది, లైసెన్సులు కొన్నారు, ట్యాలీ, ఎక్సెల్, రిటర్నులు వేసే సాఫ్ట్‌వేర్ అన్నీ సర్వర్లోనే నడుస్తాయి. టేబుళ్ల మీద పాత పీసీలే ఉన్నాయి, వాటిలోంచి లాగిన్ అయ్యి లోపల పనిచేసుకుంటారు. హిందూపురం వాళ్లు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మా నెట్‌వర్క్‌కు వేసిన రక్షిత దారి) మీద వస్తారు.

ఇంతవరకు ఇబ్బంది లేదు. క్లయింట్ల ఫైళ్ల దగ్గరే చిక్కు. అవి ఇంకా మూలన ఉన్న పాత విండోస్ 10 ప్రో పీసీలోనే ఉన్నాయి, డీ డ్రైవ్ మొత్తం ఎవ్రీవన్‌కు ఫుల్ కంట్రోల్ ఇచ్చి షేర్ చేసి ఉంది. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు, నేను చేరేసరికే అలా ఉంది. వెండర్‌ను అడిగితే అది మా పనిలో లేదు అని చేతులు దులుపుకున్నాడు.

ఇప్పుడు బాధలు ఇవి. రిమోట్ డెస్క్‌టాప్ లోపల కొందరికి ఆ షేర్‌కు పెట్టుకున్న జెడ్ డ్రైవ్ చక్కగా కనిపిస్తుంది, కొందరికి ఎర్ర ఇంటూ గుర్తుతో ఉంటుంది, కొందరికి అసలు రాదు. హిందూపురం వాళ్లు ఎక్సెల్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి టీ తాగి రావచ్చు, అంత స్లో, అదే రిమోట్ డెస్క్‌టాప్‌లో ట్యాలీ మాత్రం బ్రహ్మాండంగా నడుస్తుంది, ఇదేం విచిత్రమో అర్థం కావడం లేదు. పొద్దున అందరూ వచ్చాక ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఇక కనెక్షన్లు తీసుకోలేను అని ఏదో ఎర్రర్ వస్తుంది. అన్నిటికన్నా టెన్షన్ ఏమిటంటే ఎవరి క్లయింట్ ఫోల్డర్ అయినా ఎవరైనా తెరవొచ్చు. ధర్మవరంలో ఎదురెదురుగా పట్టుచీరల షాపులున్న ఇద్దరూ మా క్లయింట్లే, ఒకరి లెక్కలు ఇంకొకరి చెవిన పడితే మా సార్ పరువు ఏం కాను.

వర్చువల్ డెస్క్‌టాప్‌లో పనిచేసే వాళ్లకు నెట్‌వర్క్ ఫోల్డర్ ఇచ్చే సరైన పద్ధతి ఏది? సార్ అయితే ఒక నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) కొనేద్దామా అంటున్నారు. కొంటే ఇవన్నీ తీరతాయా?

ఏడురోడ్లు_కడప

బ్రో, నాస్ సంగతి తర్వాత. హిందూపురం యూజర్ ఎవరైనా రిమోట్ డెస్క్‌టాప్‌లో ఉండగా దిస్ పీసీ తెరిచి జెడ్ పేరు ఎలా ఉందో చూసి చెప్పు. పేరు పక్కన ఏదైనా పీసీ పేరు కనిపిస్తోందా?

క్లాక్‌టవర్_సిస్టమ్స్

చూశాను. ఇక్కడ బాగా పనిచేసేవాళ్లకు "క్లయింట్స్" అని పేరు, పక్కన జెడ్ అక్షరం. హిందూపురం వాళ్లకు "జెడ్ ఆన్ హెచ్‌డీపీ-03" అని ఉంది, అది కూడా కింద రీడైరెక్టెడ్ డ్రైవ్స్ అనే వరుసలో. సీ ఆన్ హెచ్‌డీపీ-03 కూడా ఉంది పక్కనే. ఇక్కడ అనంతపురంలో కూడా ఒకరిద్దరికి అలాగే ఉంది.

సీక్యాంప్_సర్వర్

దొంగ దొరికాడు. కర్నూలులో ఇలాంటి ఆఫీసులు చాలా చూస్తుంటాను, పది చోట్ల తొమ్మిదింట్లో కథ ఇదే.

తమ్ముడూ, జెడ్ ఆన్ ఫలానా పీసీ అని ఉందంటే అది సర్వర్ సెషన్లో (లాగిన్ అయ్యాక సర్వర్లో నడిచే డెస్క్‌టాప్) మ్యాప్ అయిన, అంటే షేర్ ఫోల్డర్‌కు అక్షరం కట్టిన, డ్రైవ్ కాదు. హిందూపురంలో టేబుల్ మీదున్న పీసీలో ఎవరో ఎప్పుడో జెడ్ మ్యాప్ చేశారు. రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్ సెట్టింగుల్లో లోకల్ రిసోర్సెస్ అనే టాబ్‌లో డ్రైవ్స్ దగ్గర టిక్ ఉంది కాబట్టి ఆ పీసీలో ఉన్న డ్రైవులన్నీ, మ్యాప్ చేసినవాటితో సహా, సెషన్ లోపలికి వచ్చి కూర్చున్నాయి. ఇప్పుడు ఫైల్ ఏ దారిన తిరుగుతోందో చూడు. ఫైల్ ఉన్నది అనంతపురంలో మీ మూల పీసీలో. ఎక్సెల్ నడుస్తున్నదీ అనంతపురంలోనే, సర్వర్లో. రెండింటికీ మధ్య పది అడుగుల కేబుల్. కానీ ఆ ఫైల్ వీపీఎన్ ఎక్కి హిందూపురం పోయి, అక్కడి పీసీ నుంచి మళ్లీ అదే వీపీఎన్ మీద రిమోట్ డెస్క్‌టాప్ కనెక్షన్‌లో దూరి అనంతపురం వచ్చి ఎక్సెల్‌లో తెరుచుకోవాలి. సేవ్ కొడితే అదే దారిలో తిరుగు ప్రయాణం. ట్యాలీ ఎందుకు బాగుందంటే దాని డేటా సర్వర్లోనే ఉంది, హిందూపురానికి వెళ్లేది స్క్రీన్ బొమ్మ మాత్రమే. వర్చువల్ డెస్క్‌టాప్ పెట్టుకునేదే అందుకు.

కాబట్టి ఒక్క మాట గట్టిగా పట్టుకో: సెషన్లో ఉన్న మనిషికి కావలసిన డ్రైవ్ ఆ సెషన్ లోపలే మ్యాప్ అవ్వాలి. బయట పీసీలో ఏం మ్యాప్ చేసినా దానికి సంబంధం లేదు. లోపలి మ్యాపింగ్ కూడా ఎవరి సెషన్‌కు వారిదే, నువ్వు అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయ్యి జెడ్ మ్యాప్ చేస్తే నీకు తప్ప ఇంకెవరికీ రాదు. మీవాళ్లకు కొందరికి రావడం, కొందరికి రాకపోవడం దీనివల్లే అయి ఉంటుంది, ఎవరికి వారు చేత్తో మ్యాప్ చేసుకున్నారు. ఆ తర్వాత పాస్‌వర్డ్ మారినవాళ్లకు ఎర్ర ఇంటూ.

ఇక ఆ విండోస్ 10 పీసీ. డెస్క్‌టాప్ విండోస్‌కు బయటి నుంచి ఒకేసారి 20 కనెక్షన్లే పరిమితి, పొద్దున ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఎర్రర్ వచ్చేది అందుకే. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10 మామూలు సపోర్ట్ అయిపోయింది. క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ దాంట్లో పెట్టుకోవడం గుండె ధైర్యం కిందికి వస్తుంది. ఫైళ్లు సర్వర్ విండోస్‌కు మార్చు. వీలైతే యూజర్లు లాగిన్ అయ్యే సర్వర్ మీదే వద్దు, పక్కన వేరే వర్చువల్ మెషిన్‌లో (అదే హార్డ్‌వేర్ మీద విడిగా నడిచే ఇంకో సర్వర్) పెట్టు. సర్వర్ స్టాండర్డ్ ఎడిషన్ లైసెన్స్ పూర్తిగా ఉంటే ఆ హార్డ్‌వేర్ మీద రెండు వర్చువల్ మెషిన్లు నడుపుకునే హక్కు ఉంటుంది, హోస్ట్‌ను, అంటే అసలు మెషిన్‌ను, హైపర్-వీకి (వర్చువల్ మెషిన్లు నడిపే విండోస్ భాగం) తప్ప ఇంక దేనికీ వాడకూడదు, అంతే. చాలామంది వెండర్లు ఈ రెండో హక్కు వాడకుండానే వదిలేస్తారు. లాగిన్ సర్వర్ అంటే రీస్టార్ట్ చేయాల్సి వస్తుంది, ఎవడో ఏదో ఇన్‌స్టాల్ చేయమంటాడు, ప్రింటర్ డ్రైవర్ చెడిపోతుంది, దాని గొడవలు ఫైళ్లకు అంటకూడదు.

పర్మిషన్ల దగ్గరికి వస్తే, షేరింగ్ టాబ్, సెక్యూరిటీ టాబ్ అని రెండు ఉంటాయి కదా, నెట్‌వర్క్ మీదుగా వచ్చినవాడికి రెండింటిలో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. రెండు చోట్లా పర్మిషన్లు కెలికితే ఆరు నెలల తర్వాత నీకే అర్థం కాదు. షేరింగ్ దగ్గర ఆథెంటికేటెడ్ యూజర్స్‌కు చేంజ్ ఇచ్చి వదిలేయ్, ఫుల్ కంట్రోల్ వద్దు, ఇస్తే తాము చేసిన ఫైళ్ల పర్మిషన్లు వాళ్లే మార్చేయగలరు. అసలు కట్టడి మొత్తం సెక్యూరిటీ టాబ్‌లో, అంటే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పెట్టు. అక్కడ కూడా మనుషుల పేర్లు వద్దు, గ్రూపుల పేర్లే. ఫలానా అమ్మాయికి ఫలానా ఫోల్డర్ అని ఇచ్చుకుంటూ పోతే ఆర్టికల్స్ (సీఏ ట్రెయినీలు) మారినప్పుడల్లా వందల ఫోల్డర్లు వెతకాలి. గ్రూప్ అయితే తీసేయడం ఒక్క క్లిక్ పని.

కొంచెం కష్టమైన సంగతి ఇక్కడే ఉంది, అది టెక్నాలజీ కాదు. ఇప్పుడు మీ డీ డ్రైవ్‌లో వందల క్లయింట్ల ఫోల్డర్లు ఏ నుంచి జెడ్ దాకా వరసగా ఉండి ఉంటాయి. ఒక్కో దానికీ వేరే పర్మిషన్ పెట్టావంటే నీ ఉద్యోగం అదే అయిపోతుంది. పైన టీమ్ పేరుతో నాలుగైదు ఫోల్డర్లు చెయ్, వాటికి మాత్రమే ఇన్‌హెరిటెన్స్ (పై ఫోల్డర్ పర్మిషన్లు కిందకు దిగడం) ఆపి గ్రూపులు పెట్టు, క్లయింట్లు వాటి కింద ఉంటారు, కిందంతా దానంతట అదే పారుతుంది. ధర్మవరం షాపులు రెండూ రెండు టీముల కిందకు పోవాలి. ఏ క్లయింట్ ఏ టీమ్ అన్నది నువ్వు తేల్చకు, మీ సార్‌తో కూర్చుని కాగితం మీద రాయించుకో, కింద సంతకం పెట్టించుకుంటే ఇంకా మంచిది. రేపు ఎవరైనా నాకెందుకు కనిపించడం లేదని గొంతు పెంచితే ఆ కాగితం చూపిస్తావు.

యాక్సెస్ బేస్డ్ ఎన్యూమరేషన్ అని సర్వర్ మేనేజర్‌లో షేర్ ప్రాపర్టీస్‌లో ఒక టిక్ ఉంటుంది, అది పెట్టు. తెరిచే హక్కు లేని ఫోల్డర్ అసలు కనిపించనే కనిపించదు. కనిపించి తెరుచుకోకపోతే పదిమంది పది సార్లు వచ్చి అడుగుతారు, కనిపించకపోతే ఎవరూ అడగరు.

డ్రైవ్ మ్యాపింగ్ గ్రూప్ పాలసీలో (డొమైన్‌లో అందరికీ ఒకే చోటి నుంచి సెట్టింగులు పంపేది) పెట్టు, యూజర్ కాన్ఫిగరేషన్ కింద ప్రిఫరెన్సెస్‌లో డ్రైవ్ మ్యాప్స్ ఉంటుంది. యాక్షన్ దగ్గర రీప్లేస్ పెట్టకు, అప్‌డేట్ పెట్టు. రీప్లేస్ అంటే ఉన్నది పీకేసి మళ్లీ పెట్టడం, పాలసీ రిఫ్రెష్ అయినప్పుడు ఫైల్ తెరిచి ఉన్నవాడి కింద కుర్చీ లాగినట్టు ఉంటుంది. ఐటమ్ లెవెల్ టార్గెటింగ్‌లో గ్రూప్ ఇస్తే ఆ గ్రూపులో ఉన్నవాళ్లకే ఆ అక్షరం వస్తుంది. టేబుల్ మీద పీసీల్లో కూడా డొమైన్ పేరుతోనే లాగిన్ అవుతుంటే అక్కడ కూడా జెడ్ వచ్చేస్తుంది, మళ్లీ పాత గొడవే. అప్పుడు పాలసీని లాగిన్ సర్వర్ ఉన్న ఓయూకి (డొమైన్‌లో కంప్యూటర్లను వేరుచేసి పెట్టే గూడు) కట్టి లూప్‌బ్యాక్ (లాగిన్ అయిన మెషిన్‌ను బట్టి యూజర్ సెట్టింగులు ఇవ్వడం) ఆన్ చేస్తే సెషన్ లోపలే వస్తుంది.

చివరగా ఆ రీడైరెక్షన్ సర్వర్ వైపు నుంచే మూసేయ్. రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ కింద డివైస్ అండ్ రిసోర్స్ రీడైరెక్షన్‌లో డు నాట్ అలో డ్రైవ్ రీడైరెక్షన్ అని ఉంటుంది. స్లో సంగతి పక్కన పెట్టు, ఎవరి ఇంటి ల్యాప్‌టాప్‌లోనో ఉన్న దరిద్రం నేరుగా సర్వర్ గుమ్మంలోకి వచ్చే దారి అది. నాస్ కొనడం తప్పు కాదు కానీ కొన్నా ఈ పనుల్లో ఒక్కటీ తప్పదు.

పొద్దుటూరు_క్లౌడ్

ఇంత తతంగం ఎందుకు సార్. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ షేర్‌పాయింట్‌లో పడేయండి, వన్‌డ్రైవ్‌తో సింక్ చేసుకోండి, వర్చువల్ డెస్క్‌టాప్ ఉంటే ఎంత లేకపోతే ఎంత. ఎక్సెల్ ఒకేసారి ఇద్దరు రాసుకోవచ్చు, పాత వెర్షన్లు దానంతట అవే ఉంటాయి, సర్వర్ గది ఏసీ బిల్లు తగ్గుతుంది. ఎండాకాలంలో మన ఊళ్లల్లో ఏసీ ఆగిపోతే సర్వర్ పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టి కాపలా కూర్చున్నవాళ్లు నాకు తెలుసు.

సీక్యాంప్_సర్వర్

ఫ్యాన్ మాట నిజమే, కాదనను. కొత్తగా మొదలుపెట్టే ఆఫీస్ అయితే నేనూ అదే చెప్తాను. కానీ వీళ్ల పనిలో సగం ట్యాలీ. ట్యాలీ డేటా ఫోల్డర్‌ను సింక్ అయ్యే ఫోల్డర్లో పెట్టి ఇద్దరు తెరిస్తే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ఎక్సెల్ ఫైళ్లు కూడా ఒకదానికి ఒకటి లింకులు, ఆ లింకులన్నీ జెడ్ దారి మీద ఉంటాయి. పైగా లాగిన్ సర్వర్ మీద మైక్రోసాఫ్ట్ 365 ఆఫీస్ నడపాలంటే షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ (ఒకే మెషిన్ మీద చాలామంది ఆఫీస్ వాడే వీలు) ఉన్న ప్లాన్ కావాలి, బిజినెస్ స్టాండర్డ్‌తో కుదరదు, బిజినెస్ ప్రీమియమో ఎంటర్‌ప్రైజ్ ప్లానో కావాలి. పాతికమందికి ఆ లెక్క వేసి మీ సార్‌కు చూపించండి, ఆయన ఆడిటర్ కదా, ఆయనే చెప్తారు.

ఆర్టికల్_బాధితుడు

కర్నూలు అన్నా, అందరూ మమ్మల్ని దొంగల్లాగే చూస్తారేంటి. నేను ఒక ఆఫీసులో ఆర్టికల్‌గా చేస్తున్నాను (ఊరు చెప్పను, కడప జిల్లా). మా దగ్గర కూడా ఇలాగే డ్రైవ్ రీడైరెక్షన్, యూఎస్‌బీ అన్నీ ఒక్క రోజులో మూసేశారు. సెక్యూరిటీ అన్నారు, సరే. కానీ క్లయింట్ పెన్‌డ్రైవ్‌లో ట్యాలీ బ్యాకప్ తెచ్చి ఇస్తాడు, దాన్ని లోపలికి ఎలా పంపాలి? ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు ఏం చేస్తున్నామంటే ఆ ఫైల్‌ను సొంత జీమెయిల్‌కు పంపుకుని సెషన్‌లో బ్రౌజర్ తెరిచి దింపుకుంటున్నాం. పెద్ద ఫైలైతే వాట్సాప్ వెబ్. ముందు పెన్‌డ్రైవ్‌లోనే పోయేది, ఇప్పుడు ఊరంతా తిరిగొస్తోంది. ఇదేనా సెక్యూరిటీ? ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ యూనిట్లకు ఆడిట్‌కు పోతే అక్కడ ఫోన్ సిగ్నల్ కూడా సరిగా ఉండదు, వీపీఎన్ ఎక్కడిది. ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో పట్టుకుపోక తప్పదు.

సీక్యాంప్_సర్వర్

నువ్వు చెప్పింది అక్షరాలా నిజం, మొదటి పోస్టులో ఇది రాయకుండా రీడైరెక్షన్ మూసేయ్ అని ఊరుకుంటే సగం సలహానే అయ్యేది. తలుపు మూసే ముందు పక్క వాకిలి పెట్టాలి.

క్లాక్‌టవర్ తమ్ముడూ, రిసెప్షన్ దగ్గర ఒక పీసీని దీనికే కేటాయించు. క్లయింట్ తెచ్చిన పెన్‌డ్రైవ్ అక్కడే పెట్టాలి, యాంటీవైరస్ చూడాలి, అక్కడి నుంచి ఫైల్ సర్వర్లో "వచ్చినవి" అని ఒక ఫోల్డర్‌లో వేయాలి. ఆ పీసీ అకౌంట్‌కు ఆ ఒక్క ఫోల్డర్ తప్ప వేరే ఏదీ తెరుచుకోకూడదు. ఎవరి క్లయింట్‌వి వాళ్లు సెషన్లోంచి తీసుకుంటారు. హిందూపురంలో కూడా ఒకటి అలాగే. బయటికి పట్టుకుపోయే ల్యాప్‌టాప్‌లు ఆఫీసువే అయి ఉండాలి, బిట్‌లాకర్ (డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఆన్ అయి ఉండాలి, ఎవరు ఏ ఫోల్డర్ తీసుకెళ్లారో ఒక రిజిస్టర్లో రాస్తే చాలు, దానికి పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు.

క్లిప్‌బోర్డ్ సంగతి కూడా గుర్తుపెట్టుకో. డ్రైవ్‌లు మూసినంత మాత్రాన అక్షరాల కాపీ పేస్ట్ ఆగదు, దానికి వేరే పాలసీ ఉంది. అది కూడా ఆపేస్తే బయట బ్రౌజర్లో వచ్చిన జీఎస్‌టీ నంబర్ లోపల పేస్ట్ చేయలేక అందరూ నిన్ను తిట్టుకుంటారు. నేనైతే డ్రైవ్‌లు ఆపి క్లిప్‌బోర్డ్ వదిలేస్తాను. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటో తీసేవాడిని ఏ పాలసీ ఆపదు.

నంద్యాల_చెక్‌పోస్ట్

ఇక్కడే ఒకటి అడగొచ్చా? మాది చిన్న విత్తనాల షాపు, డొమైన్ లేదు, వర్క్‌గ్రూప్ మాత్రమే. సర్వర్ 2019 మీద రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకున్నాం. సరిగ్గా గంటకు అందరినీ బయటికి నెట్టేస్తోంది. షేర్ ఫోల్డర్ వల్లనా?

ఏడురోడ్లు_కడప

షేర్ వల్ల కాదు. వర్క్‌గ్రూప్‌లో పెర్ యూజర్ (మనిషికొకటి) రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు చెల్లవు, 2019 నుంచి గంటకే సెషన్ తెంచేస్తుంది. పెర్ డివైస్ లైసెన్సుకైనా మారాలి, డొమైన్ అయినా పెట్టుకోవాలి. ఫోల్డర్ పర్మిషన్లు కూడా వర్క్‌గ్రూప్‌లో ప్రతి మెషిన్‌లోనూ వేరే యూజర్లు, వేరే పాస్‌వర్డ్‌లు, నరకం. ఐదుగురు దాటితే డొమైన్ పెట్టుకోండి. మిగతాది వేరే పోస్ట్ వేయండి, ఇక్కడ కలిపేస్తే అసలు కథ పోతుంది.

క్లాక్‌టవర్_సిస్టమ్స్

అందరికీ చాలా థ్యాంక్స్. సార్‌తో కూర్చున్నాను. టీముల కాగితం రాయడానికే ఒక పూట పట్టింది. సీనియర్లు ఇద్దరు అన్ని ఫోల్డర్లూ తమకు కావాలని పట్టుబట్టారు, సార్ ఒక్కరికి తప్ప ఎవరికీ అన్నీ ఉండవని సారే తేల్చేశారు, నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. రెండో వర్చువల్ మెషిన్ లేపాను, జీఎస్‌టీ టీమ్ ఫోల్డర్ ఒక్కటే ముందు మార్చాను, 20వ తేదీ గడవనిచ్చి మిగతావి మారుద్దామని.

హిందూపురం స్పీడ్ అయితే అద్భుతం, అక్కడి మేడమ్ ఫోన్ చేసి ఏం మంత్రం వేశావప్పా అని అడిగారు. కానీ కొత్తగా రెండు చిక్కులు. ఒకటి, ఇద్దరిని జీఎస్‌టీ గ్రూపులో కలిపాను, అయినా వాళ్లకు ఫోల్డర్ రావడం లేదు, ఎఫెక్టివ్ యాక్సెస్ టాబ్‌లో చూస్తే హక్కు ఉన్నట్టే చూపిస్తోంది. వాళ్లు బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయ్యారు కూడా. రెండు, ఎక్సెల్ ఫైల్ తెరిస్తే ఫలానా ఆయన తెరిచి ఉంచారు, చదవడానికి మాత్రమే అంటోంది, ఆ ఫలానా ఆయనేమో పెళ్లికని నిన్ననే ఆదోని వెళ్లిపోయాడు.

ఏడురోడ్లు_కడప

రెండింటికీ రోగం ఒకటే బ్రో. బయటికి వచ్చి అంటున్నావు కదా, ఎలా వచ్చారు? పైన నీలం పట్టీ మీద ఇంటూ కొట్టి వచ్చి ఉంటారు. అది లాగాఫ్ కాదు, డిస్‌కనెక్ట్. సెషన్ సర్వర్లో అలాగే బతికి ఉంటుంది, మళ్లీ కనెక్ట్ అయితే పాత సెషన్‌కే వెళ్తారు. గ్రూపులు ఎవరివి ఏమిటన్నది లాగిన్ అయిన క్షణంలోనే రాసిపెట్టుకుంటుంది, మధ్యలో నువ్వు ఎన్ని గ్రూపుల్లో కలిపినా ఆ సెషన్‌కు తెలియదు. స్టార్ట్ మెనూలోంచి సైన్ అవుట్ చేయించి మళ్లీ రమ్మను, ఫోల్డర్ వచ్చేస్తుంది. నమ్మకం కుదరకపోతే సెషన్ లోపల కమాండ్ ప్రాంప్ట్ తెరిచి హూయామై గ్రూప్స్ (whoami /groups) కొట్టించి చూడు, అక్కడ గ్రూప్ పేరు లేకపోతే అదే సంగతి. తీసేసినప్పుడు కూడా ఇదే వర్తిస్తుంది సుమా, మానేసిన మనిషిని గ్రూపులోంచి తీసేశావు కదా అని నిశ్చింతగా ఉండకు, సెషన్ బతికి ఉన్నంతసేపు పాత హక్కులు ఉంటాయి. ముందు సెషన్ లాగాఫ్ చెయ్, తర్వాత మిగతాది.

ఆదోని పెళ్లి పెద్దమనిషి సెషన్ కూడా ఇంకా సర్వర్లో ఎక్సెల్ తెరుచుకుని కూర్చుని ఉంటుంది. ఫైల్ సర్వర్లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లో షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూడు, ఆయన పేరు కనిపిస్తుంది. అక్కడి నుంచి క్లోజ్ కొట్టొచ్చు కానీ ఆయన సేవ్ చేయనిది ఉంటే పోతుంది, ముందు ఒక ఫోన్ చెయ్. తర్వాత గ్రూప్ పాలసీలో డిస్‌కనెక్ట్ అయిన సెషన్లకు టైమ్ లిమిట్ పెట్టు. మరీ తక్కువ పెట్టకు, మన దగ్గర కరెంటు పోయి నెట్ తెగితే కూడా అది డిస్‌కనెక్టే కదా, తిరిగొచ్చేసరికి పని పోయిందంటే గోల. రెండు మూడు గంటలు సరిపోతుంది.

క్లాక్‌టవర్_సిస్టమ్స్

సైన్ అవుట్ చేయించాను, వచ్చేసింది! ఇంత చిన్న విషయమా. పెళ్లి ఆయన ఫోన్ ఎత్తాడు, సేవ్ చేసే ఉందట, మూసేశాను.

ఇంకొకటి, మన జిరాక్స్ మెషిన్ స్కాన్ చేసి నేరుగా ఫోల్డర్లో వేసేది. కొత్త సర్వర్ దారి ఇస్తే పోవడం లేదు. దాని సర్వీస్ అబ్బాయి సర్వర్లో ఎస్‌ఎమ్‌బీ1 (విండోస్ ఫైల్ షేరింగ్ పాత పద్ధతి) ఆన్ చేయమంటున్నాడు.

సీక్యాంప్_సర్వర్

చేయకు. ఎంత బతిమాలినా చేయకు. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) ప్రపంచమంతా తిరిగింది ఆ దారిలోనే, దానికి ప్యాచ్ అదే ఏడాది మార్చిలో వచ్చినా వేసుకోనివాళ్లు చాలామంది మునిగారు. సర్వర్ 2019లో అది మామూలుగా ఉండనే ఉండదు, మైక్రోసాఫ్టే తీసేసింది. మెషిన్ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేస్తే ఎస్‌ఎమ్‌బీ2 వస్తుందేమో ముందు అడుగు. రాకపోతే స్కాన్ టు ఈమెయిల్ వాడు, లేదా ఎఫ్‌టీపీలో రిసెప్షన్ పీసీకి రానిచ్చి అక్కడి నుంచి "వచ్చినవి" ఫోల్డర్‌కు. ఒక ముసలి స్కానర్ కోసం అందరి ఫైళ్లనూ ప్రమాదంలో పెట్టడం ఎందుకు.

మిగతా ఫోల్డర్లు మార్చేటప్పుడు పాత పీసీ పర్మిషన్లు వెంట తెచ్చుకోకు. రోబోకాపీలో (విండోస్ కాపీ కమాండ్) మామూలుగా పర్మిషన్లు రావు, కాపీఆల్ లాంటి స్విచ్ పెడితేనే పాత చెత్త పర్మిషన్లు కూడా వస్తాయి, అది పెట్టకు, కొత్త చోట పై ఫోల్డర్ పర్మిషన్లు వాటంతట అవే అంటుకుంటాయి. మార్చాక కూడా ఒకటి చూసుకో. ఎవరైనా ఒక టీమ్ ఫోల్డర్లోంచి ఇంకో టీమ్‌కు కట్ చేసి పేస్ట్ చేస్తే, ఒకే డ్రైవ్ కాబట్టి పాత టీమ్ పర్మిషన్లే దాని వెంట వస్తాయి. కొత్త టీమ్‌కు కనిపించదు, పాత టీమ్‌కు పై ఫోల్డరే తెరుచుకోదు. కాపీ చేసి తర్వాత పాతది డిలీట్ చేయమను, లేదా నీకు చెప్పమను.

కాపీ మధ్యలో కొన్ని ఫైళ్ల దగ్గర దారి పొడుగైందని ఎర్రర్లు వస్తాయి. మీవాళ్లు ఫైనల్, ఫైనల్ న్యూ, ఫైనల్ సార్ కరెక్టెడ్ అని ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టి ఉంటారు కదా. 260 అక్షరాలు దాటితే ఎక్స్‌ప్లోరర్, ఎక్సెల్ రెండూ తికమకపడతాయి. ఎర్రర్ లాగ్ ఉంచుకుని వాటి పేర్లు చేత్తో తగ్గించాల్సిందే.

ఆర్టికల్_బాధితుడు

ఫైనల్ సార్ కరెక్టెడ్ 2 కూడా ఉంటుంది అన్నా, మర్చిపోయారు.

ఇంకో మాట. మా దగ్గర మార్చినప్పుడు పాత తెలుగు నోటీసులు, అను ఫాంట్లలో టైప్ చేసినవి, సెషన్లో తెరిస్తే అన్నీ ఇంగ్లిష్ గీతల్లాగా వచ్చాయి. ఫైళ్లు పాడయ్యాయని ఒక రోజంతా గొడవ. ఫాంట్లు టేబుల్ మీద పీసీలో ఉన్నాయి, సర్వర్లో లేవు, అంతే. సెషన్ సర్వర్ ఫాంట్లే చూస్తుంది. ముందే వేయించండి.

పొద్దుటూరు_క్లౌడ్

బ్యాకప్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? క్లౌడ్ వద్దంటే వద్దన్నారు, సరే.

సీక్యాంప్_సర్వర్

మంచి మాట అడిగారు. షాడో కాపీస్ ఆన్ చెయ్ తమ్ముడూ, ఎవరైనా ఫైల్ చెరిపేస్తే రైట్ క్లిక్‌లో ప్రీవియస్ వెర్షన్స్‌లోంచి వాళ్లే తెచ్చుకుంటారు, నిన్ను పిలవరు. కానీ అది బ్యాకప్ కాదు, అదే డిస్క్ మీద ఉంటుంది, రాన్సమ్‌వేర్ లోపలికి వస్తే ముందు చెరిపేది దాన్నే. రోజూ రాత్రి ఇంకో మెషిన్‌కు బ్యాకప్ పోవాలి, ఆ మెషిన్ అకౌంట్ మీ డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్‌తో తెరుచుకోకూడదు. వారానికి ఒకసారి యూఎస్‌బీ డిస్క్‌కు తీసి, పీకేసి, సార్ ఇంట్లో బీరువాలో పెట్టండి. నాస్ కొంటానంటున్నారు కదా, దీనికి కొనండి. పొద్దుటూరు సార్ చెప్పినట్టు ఒక కాపీ క్లౌడ్‌కు ఎన్‌క్రిప్ట్ చేసి పంపినా నాకేం అభ్యంతరం లేదు. ట్యాలీ డేటా ఫోల్డర్ మాత్రం యూజర్లకు నేరుగా రాసే హక్కుతో ఉంటుంది, ఎవరైనా చెరిపేయగలరు, దాని బ్యాకప్ విడిగా చూసుకో. ముందుముందు ట్యాలీప్రైమ్ సర్వర్ తీసుకుంటే ఆ ఫోల్డర్‌ను యూజర్లకు చూపించక్కర్లేదు, ఖర్చు సంగతి సార్‌తో మాట్లాడు.

క్లాక్‌టవర్_సిస్టమ్స్

ఫాంట్లు వేయించాను, షాడో కాపీస్ ఆన్ చేశాను. జిరాక్స్ మెషిన్‌కు ఫర్మ్‌వేర్ లేదట, స్కాన్ టు ఈమెయిల్‌కు మార్చేశాం. ఆడిట్ టీమ్ ఫోల్డర్లు ఈ శనివారం సాయంత్రం అందరూ వెళ్లాక మొదలుపెడతాను, పాత పీసీలో షేర్‌ను ముందు రీడ్ ఓన్లీ చేసి అప్పుడు కాపీ చేస్తాను, లేకపోతే హిందూపురంలో ఎవరో ఒకరు ఆదివారం కూడా పాత దాంట్లోనే సేవ్ చేసేలా ఉన్నారు. ధర్మవరం షాపుల్లో ఒకటి సార్ తన సొంత ఫోల్డర్ కిందకు తీసుకున్నారు.